పట్టీల అతుకుబొంత పైపొర కొలతలు

పట్టీల అతుకుబొంత అనగా పొడవాటి గుడ్డ పట్టీలను ఒకదానితో ఒకటి కలిపి కుట్టి, ఆ విధంగా తయారైన బట్టను పైపొరగా వాడిన బొంత. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో విస్తృతంగా ప్రచారంలో ఉన్న క్విల్ట్ తయారీ పద్ధతులలో ఇది ఒకటి. చిన్న ముక్కలను విడివిడిగా కత్తిరించి కలిపే పాత పద్ధతి కన్నా దీనిలో పని త్వరగా పూర్తవుతుంది. అయితే పైపొర పొడవు, వెడల్పులు ఈ పద్ధతిలో పట్టీల సంఖ్య, వాటి వెడల్పు, వరుసల లెక్కలను బట్టి నిర్ణయమవుతాయి. ముందుగా లెక్క చూసుకోనిచో, రోజుల తరబడి కుట్టిన పైపొర చివరకు మంచానికి చాలకపోవచ్చు. పట్టీలు ఒకసారి కత్తిరించిన తరువాత బట్ట మొత్తం వైశాల్యం దాదాపుగా స్థిరపడిపోతుంది. దానిని ఏ ఆకారంలోకి మలచాలన్నది మాత్రమే కుట్టేవారి చేతిలో మిగులుతుంది. ఈ వ్యాసం ఆ లెక్కలను, పరిమాణం సవరించే మార్గాలను వివరిస్తుంది.

== బొంత భాగాలు, పదాలు ==

అతుకుబొంతలో మూడు పొరలు ఉంటాయి. పైన కనిపించే అతుకుల బట్టను పైపొర అని, మధ్యలో పరచే దూది లేదా పాలిస్టరు పరుపును దూదిపొర అని, కింది బట్టను అడుగుపొర అని అనవచ్చు. ఈ మూడింటిని కలిపి కుట్టిన తరువాత చుట్టూ పైపింగు వేస్తారు. ఈ వ్యాసంలో వాడిన మరికొన్ని పదాలు:

* కోత వెడల్పు: పట్టీని కత్తిరించినప్పటి వెడల్పు.
* సిద్ధ వెడల్పు: రెండు పక్కలా కుట్లు పడిన తరువాత పైకి కనిపించే వెడల్పు.
* కుట్టు మార్జిన్: కుట్టుకు బయట మిగిలే బట్ట. అమెరికా క్విల్ట్ పనిలో ఇది పావు అంగుళం.
* పన్నా: తానులో బట్ట అడ్డకొలత. అమెరికాలో క్విల్ట్‌ల కొరకు అమ్మే నూలుబట్ట పన్నా 44 అంగుళాల వరకు ఉంటుంది. నేత అంచులు తీసివేయగా లెక్కకు 42 అంగుళాలు తీసుకోవడం వాడుక.
* కూర్పు: కొన్ని పట్టీలను పొడవు వెంబడి పక్కపక్కనే కలిపి కుట్టిన బట్ట.
* గడి: కూర్పును అడ్డంగా కోయగా వచ్చే చతురస్రపు ముక్క.

== చరిత్ర ==

పట్టీలతో బొంతలు కుట్టడం అమెరికాలో పాత అలవాటే. నడుమ ఒక చతురస్రం పెట్టి దాని చుట్టూ పట్టీలు పేర్చుకుంటూ పోయే లాగ్ క్యాబిన్ నమూనా 1860 దశకం నుండి ఆ దేశంలో బాగా వ్యాపించింది. ఫ్లోరిడా రాష్ట్రంలోని సెమినోల్ తెగ స్త్రీలు చేతితో తిప్పే కుట్టు మిషన్లు అందుబాటులోకి వచ్చిన తరువాత, 20వ శతాబ్దపు తొలి దశకాలలో మరొక పద్ధతిని అభివృద్ధి చేశారు. రంగురంగుల పట్టీలను కలిపి కుట్టి, ఆ కూర్పును అడ్డంగానో ఏటవాలుగానో ముక్కలు కోసి, ఆ ముక్కలను కొంచెం జరిపి తిరిగి కలిపేవారు. ముందు కుట్టి తరువాత కోయడం అనే ఈ సూత్రమే నేటి పట్టీల పద్ధతికి ఆధారం.

అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ గ్రామానికి చెందిన నల్లజాతి స్త్రీలు పాత పనిదుస్తులను చీల్చి కుట్టిన బొంతలు 2002లో హ్యూస్టన్ నగరపు లలిత కళల మ్యూజియంలోను, తరువాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలోను ప్రదర్శించబడ్డాయి. 2006లో అమెరికా తపాలా శాఖ ఈ బొంతలపై స్టాంపులు విడుదల చేసింది.

బార్బరా జొహానా 1976లో వెలువరించిన పుస్తకం, ఎలినార్ బర్న్స్ 1978లో లాగ్ క్యాబిన్ నమూనాపై ప్రచురించిన పుస్తకం పట్టీల పద్ధతిని ఇంటింటికీ చేర్చాయి. 1979లో జపానుకు చెందిన ఓల్ఫా సంస్థ గుండ్రటి బ్లేడు గల రోటరీ కట్టరును విడుదల చేయడంతో, అనేక పొరల బట్టను ఒకేసారి తిన్నగా కోయడం సులభమైంది. 2000 దశకంలో మోడా అనే అమెరికా బట్టల సంస్థ రెండున్నర అంగుళాల వెడల్పున కోసిన పట్టీలను చుట్టగా చుట్టి జెల్లీ రోల్ అనే పేరుతో అమ్మసాగింది. ఇటువంటి చుట్టలో సాధారణంగా 40 పట్టీలు ఉంటాయి. ఒక చుట్టతో ఒక్క రోజులో పైపొర పూర్తిచేసే "జెల్లీ రోల్ రేస్" పద్ధతి 2010 దశకంలో బాగా ప్రచారం పొందింది. మిస్సోరీ రాష్ట్రం హామిల్టన్ పట్టణంలో 2008లో మొదలైన మిస్సోరీ స్టార్ క్విల్ట్ కంపెనీకి చెందిన జెన్నీ డోన్ వీడియో పాఠాలు ఇందుకు తోడ్పడ్డాయి.

== కొలతల మూల సూత్రాలు ==

=== వెడల్పు ===

పావు అంగుళం చొప్పున రెండు పక్కలా కుట్టులోకి పోతుంది కనుక ప్రతి పట్టీ అర అంగుళం కోల్పోతుంది. రెండున్నర అంగుళాల పట్టీ సిద్ధ వెడల్పు 2 అంగుళాలు. మూడు అంగుళాల పట్టీ సిద్ధ వెడల్పు రెండున్నర అంగుళాలు. పట్టీ సన్నగా ఉన్నకొద్దీ నష్టం నిష్పత్తిలో పెరుగుతుంది. రెండున్నర అంగుళాల పట్టీలో ఐదవ వంతు కుట్టులోకి పోగా, ఒకటిన్నర అంగుళాల పట్టీలో మూడవ వంతు పోతుంది.

పైపొర అంచులలో ఇంకా కుట్టు పడలేదు కనుక, వరుసలన్నీ కలిపిన తరువాత ఎత్తు = (వరుసల సంఖ్య × సిద్ధ వెడల్పు) + అర అంగుళం.

=== పొడవు ===

పట్టీలను కొస నుండి కొసకు కలిపే పద్ధతులు రెండు. తిన్నని అతుకులో ఒక్కొక్క అతుకుకు అర అంగుళం మాత్రమే పోతుంది. ఏటవాలు అతుకులో రెండు పట్టీల కొసలను లంబంగా ఒకదానిపై మరొకటి పెట్టి కర్ణం వెంబడి కుట్టి, అదనపు మూలను కోసివేస్తారు. ఇందులో ఒక్కొక్క అతుకుకు పట్టీ కోత వెడల్పు అంత, అనగా రెండున్నర అంగుళాలు పోతుంది. ఏటవాలు అతుకు చూడడానికి అందంగా ఉంటుంది. కుట్టు మందం ఒకే చోట చేరకుండా పరచుకుంటుంది.

42 అంగుళాల పొడవు గల 40 పట్టీలకు 39 అతుకులు అవసరం:

* తిన్నని అతుకులతో: 1680 − 19.5 = 1660.5 అంగుళాలు
* ఏటవాలు అతుకులతో: 1680 − 97.5 = 1582.5 అంగుళాలు

అతుకు ఎంపిక ఒక్కటే 78 అంగుళాల తేడా తెస్తున్నది. రెండున్నర అంగుళాల పట్టీలను ఏటవాలుగా కలిపినప్పుడు ఈ సూత్రం వాడవచ్చు:

మొత్తం పొడవు = (39.5 × పట్టీల సంఖ్య) + 2.5

=== వైశాల్యం ===

కలిపిన పట్టీ మొత్తం పొడవును సిద్ధ వెడల్పుతో గుణిస్తే పైపొర వైశాల్యం వస్తుంది. ఆ వైశాల్యం మారకుండా వెడల్పును పెంచితే ఎత్తు తగ్గుతుంది, ఎత్తును పెంచితే వెడల్పు తగ్గుతుంది. రెండూ పెరగాలంటే కొత్త బట్ట చేర్చక తప్పదు. కింద చెప్పిన పద్ధతులన్నీ ఈ ఒక్క సూత్రానికి వేర్వేరు రూపాలు.

== మడత పద్ధతి ==

జెల్లీ రోల్ రేస్ పద్ధతిలో పట్టీలన్నిటిని ఒకే పొడవాటి పట్టీగా కలుపుతారు. ఒక కొస నుండి సుమారు 18 అంగుళాలు కోసివేస్తారు. తరువాత పట్టీని సగానికి మడిచి, బట్ట మంచి వైపులు లోపలికి వచ్చేటట్లు పెట్టి, పొడవు వెంబడి కుట్టి, మడత వద్ద కత్తిరిస్తారు. ఇప్పుడు రెండు వరుసల బట్ట తయారవుతుంది. దానిని మళ్ళీ సగానికి మడిచి కుడితే నాలుగు వరుసలు అవుతాయి. ఇట్లు ఐదు పర్యాయాలు చేయగా 32 వరుసల పైపొర వస్తుంది.

18 అంగుళాలు కోయడానికి కారణం ఉన్నది. పట్టీలన్నీ ఒకే పొడవున ఉన్నందున సగానికి మడిచినప్పుడు ఒక సగంలోని అతుకులు రెండవ సగంలోని అతుకులకు ఎదురెదురుగా వస్తాయి. ఒక కొసను తగ్గిస్తే ఈ సౌష్ఠవం చెదిరి అతుకులు అటూ ఇటూ జరుగుతాయి.

40 పట్టీలతో మొదలుపెట్టి, 18 అంగుళాలు తీసివేయగా మిగిలిన 1564.5 అంగుళాలకు ప్రతి మడతలోను వచ్చే కొలతలు (అంగుళాలలో):

| మడత | వరుసలు | వెడల్పు | ఎత్తు |
|---|---|---|---|
| 1 | 2 | 782.3 | 4.5 |
| 2 | 4 | 391.1 | 8.5 |
| 3 | 8 | 195.6 | 16.5 |
| 4 | 16 | 97.8 | 32.5 |
| 5 | 32 | 48.9 | 64.5 |
| 6 | 64 | 24.4 | 128.5 |

ఒక మడతకు వెడల్పు సగమై ఎత్తు సుమారు రెట్టింపు అవుతున్నది. వెడల్పు, ఎత్తుల నిష్పత్తి ఒక్కసారిగా నాలుగు రెట్లు మారుతున్నది. అందుచేత ఈ పద్ధతిలో వాడుకకు పనికివచ్చే ఆకారం ఐదవ మడతలో మాత్రమే కనిపిస్తుంది. ఈ 48.9 × 64.5 కొలత సోఫాపై కప్పుకునే దుప్పటికి సరిపోతుంది, మంచానికి చాలదు.

== పరిమాణం, ఆకారం సవరించే మార్గాలు ==

=== పట్టీల సంఖ్య పెంచడం ===

32 వరుసల పైపొర ఒక అంగుళం వెడల్పు పెరగాలంటే మొత్తం పట్టీ 32 అంగుళాలు పెరగాలి. ఒక్కొక్క పట్టీ నికరంగా 39.5 అంగుళాలు చేరుస్తుంది కనుక ఒక పట్టీకి సుమారు 1.23 అంగుళాల వెడల్పు వస్తుంది. వెడల్పు 60 అంగుళాలు కావాలంటే లెక్క ప్రకారం 49 పట్టీలు సరిగ్గా సరిపోతాయి. కోతలో, కుట్టులో తేడాలకు చోటు ఉంచుకోవాలంటే 50 పట్టీలు తీసుకోవడం మంచిది. ఎత్తు మాత్రం 64.5 అంగుళాలుగానే ఉండిపోతుంది. మడత పద్ధతిలో పట్టీలు చేర్చితే వెడల్పు మాత్రమే పెరుగుతుందన్న విషయం చాలామంది గమనించరు.

=== పైపొరను తిప్పడం ===

రెండు చుట్టలు, అనగా 80 పట్టీలు కలిపితే 32 వరుసలకు 98.3 × 64.5 వస్తుంది. అడ్డంగా చూస్తే ఈ కొలత ఏ మంచానికీ కుదరదు. అదే పైపొరను 90 డిగ్రీలు తిప్పి, పట్టీలు తలవైపు నుండి కాళ్ళవైపుకు పోయేటట్లు పరిస్తే వెడల్పు 64.5, పొడవు 98.3 అవుతుంది. ఇది ఒకరు పడుకునే మంచానికి పక్కలకు వేలాడే భాగంతో సహా సరిపోతుంది.

=== పట్టీ వెడల్పు మార్చడం ===

తానునుండి స్వయంగా కోసుకునేవారికి ఇది సులువైన మార్గం. కోత వెడల్పు 3 అంగుళాలైతే 32 వరుసల ఎత్తు 80.5 అంగుళాలు. ఈ పట్టీల ఏటవాలు అతుకుకు 3 అంగుళాలు పోతుంది కనుక ఒక్కొక్క పట్టీ నికర పొడవు 39 అంగుళాలు. 50 పట్టీలకు 1953 అంగుళాలు వస్తాయి. 18 అంగుళాలు తీసివేయగా వెడల్పు 60.5 అంగుళాలు. ఇందుకు 42 అంగుళాల పన్నా గల బట్ట 150 అంగుళాలు, అనగా సుమారు 3.8 మీటర్లు కావాలి.

=== సమాన వరుసలుగా కోయడం ===

మడవడానికి బదులు పొడవాటి పట్టీని కావలసిన వెడల్పున ముక్కలుగా కోసి, వరుసలుగా కలపవచ్చు. వరుసల సంఖ్య 2, 4, 8, 16, 32 అనే మెట్లపైనే ఉండవలసిన అవసరం ఇందులో లేదు. ఎత్తును 2 అంగుళాల చొప్పున సవరించవచ్చు. 40 పట్టీల 1582.5 అంగుళాలకు:

| వరుస పొడవు | వరుసలు | పైపొర కొలత |
|---|---|---|
| 40 | 39 | 40 × 78.5 |
| 45 | 35 | 45 × 70.5 |
| 54 | 29 | 54 × 58.5 |
| 56 | 28 | 56 × 56.5 |
| 60 | 26 | 60 × 52.5 |

చతురస్రం కావాలనుకుంటే మొత్తం పొడవును సిద్ధ వెడల్పుతో గుణించి వర్గమూలం కనుగొనాలి. 1582.5 × 2 = 3165; దీని వర్గమూలం సుమారు 56.3. కనుక 56 అంగుళాల వరుసలు 28 కలిపితే దాదాపు చతురస్రం వస్తుంది.

=== మధ్యలో ఆపి మూడుగానో, ఐదుగానో కోయడం ===

మడత పద్ధతిలోని వేగాన్ని వదులుకోకుండానే ఆకారం మార్చే ఉపాయం ఇది. 8 వరుసలు పూర్తయినప్పుడు బట్ట 195.6 × 16.5 ఉంటుంది. దానిని సగానికి మడవక మూడు సమాన భాగాలుగా కోసి ఒకదాని కింద ఒకటి కలిపితే 24 వరుసలతో 65.2 × 48.5 వస్తుంది. ఐదు భాగాలు చేస్తే 40 వరుసలతో 39.1 × 80.5 వస్తుంది.

=== మధ్య ముక్కలు చేర్చడం ===

పట్టీకి పట్టీకి మధ్య ఒకే రంగు చతురస్రాలు చేర్చితే అందంతో పాటు పొడవు కూడా పెరుగుతుంది. రెండున్నర అంగుళాల చతురస్రాలు 39 చేర్చి, తిన్నని అతుకులు వేస్తే మొత్తం పొడవు 1738.5 అంగుళాలు అవుతుంది. 18 అంగుళాలు తీసివేయగా 32 వరుసలకు వెడల్పు 53.8 అంగుళాలు. ఇక్కడ ఏటవాలు అతుకు పనికిరాదు. రెండున్నర అంగుళాల చతురస్రానికి రెండు కొసల ఏటవాలు అతుకు వేస్తే అది తెచ్చిన పొడవంతా అతుకులలోనే హరించుకుపోతుంది. ఏటవాలు అతుకే కావాలంటే చతురస్రాలకు బదులు పొడవైన ముక్కలు చేర్చాలి.

=== బార్డరు వేయడం ===

పైపొర పూర్తయిన తరువాత పరిమాణం పెంచడానికి మిగిలే మార్గం బార్డరు. 48.9 × 64.5 పైపొరకు నాలుగు పక్కలా 6 అంగుళాల సిద్ధ వెడల్పు గల బార్డరు వేస్తే 60.9 × 76.5 అవుతుంది. నాలుగు పక్కలా ఒకే వెడల్పు చేర్చినప్పుడు తేడా మారదు గాని నిష్పత్తి మారి, ఆకారం కొద్దిగా చతురస్రం వైపు జరుగుతుంది. ఆకారాన్ని కూడా మార్చదలిస్తే పక్కలకు ఒక వెడల్పు, పై కిందలకు మరొక వెడల్పు వేయవచ్చు. తలవైపు, కాళ్ళవైపు మాత్రమే బార్డరు వేయడం కూడా ఉన్నది.

== కూర్పును గడులుగా కోసినప్పుడు ==

పట్టీలను పక్కపక్కనే కలిపి కూర్పు తయారుచేసి, దానిని చతురస్రపు గడులుగా కోసి, ఒక గడిని నిలువుగా, పక్క గడిని అడ్డంగా పేర్చే నమూనాను రైల్ ఫెన్స్ అంటారు. ఇందులో గడి కొలతను కూర్పులోని పట్టీల సంఖ్య నిర్ణయిస్తుంది. 42 అంగుళాల పొడవు, రెండున్నర అంగుళాల వెడల్పు గల 40 పట్టీలకు:

| కూర్పులో పట్టీలు | కోసిన గడి | ఒక కూర్పుకు గడులు | మొత్తం గడులు | అమరిక | సిద్ధ కొలత |
|---|---|---|---|---|---|
| 2 | 4.5 | 9 | 180 | 12 × 15 | 48 × 60 |
| 3 | 6.5 | 6 | 78 | 7 × 11 | 42 × 66 |
| 4 | 8.5 | 4 | 40 | 5 × 8 | 40 × 64 |
| 5 | 10.5 | 4 | 32 | 5 × 6 | 50 × 60 |

నాలుగు పట్టీల కూర్పులో 4 గడులు కోయగా 8 అంగుళాల ముక్క మిగిలిపోతుంది. అందుచేతనే దాని వైశాల్యం అన్నిటికన్నా తక్కువ. ఐదు పట్టీల కూర్పులో 4 గడులకు సరిగ్గా 42 అంగుళాలు కావాలి. పట్టీ అర అంగుళం తక్కువైనా 3 గడులే వస్తాయి. అప్పుడు మొత్తం 24 గడులతో పైపొర 40 × 60కి పడిపోతుంది. కనుక ఈ అమరిక ఎంచుకొనేవారు కుట్టడం మొదలుపెట్టక ముందే పట్టీలన్నిటిని టేపుతో కొలవాలి.

గడుల అమరికలో మరొక పరిమితి ఉన్నది. 40 గడులను ఒక్కటీ మిగలకుండా 5 × 8గా, 4 × 10గా పేర్చవచ్చును గాని 6 × 7గా పేర్చడానికి రెండు గడులు తక్కువ. గడుల పైపొర ఒక గడి భుజం చొప్పున పెరుగుతుంది. 8 అంగుళాల గడులతో 4 అంగుళాలు మాత్రమే పెంచడం కుదరదు. ఆ మిగులును బార్డరుతో పూరించాలి.

బార్జెల్లో అనే నమూనాలో కూర్పును గొట్టంలా కుట్టి, అడ్డంగా వలయాలు కోసి, ఒక్కొక్క వలయాన్ని ఒక్కొక్క చోట విప్పి కలిపి, అలల వంటి ఆకృతి తెస్తారు. ఇక్కడ వలయం ఎంత సన్ననిదైతే పైపొర అంత కుంచించుకుపోతుంది. 42 అంగుళాల కూర్పును 3 అంగుళాల ముక్కలుగా కోసి తిరిగి కలిపితే 35 అంగుళాలు, 2 అంగుళాల ముక్కలైతే 31.5 అంగుళాలు, ఒకటిన్నర అంగుళాల ముక్కలైతే 28 అంగుళాలు మాత్రమే మిగులుతుంది.

== మంచానికి తగిన కొలత ==

పైపొర కొలత నిర్ణయించడానికి ముందు పరుపు కొలత తీసుకోవాలి. వెడల్పుకు రెండు పక్కలా వేలాడే భాగాన్ని, పొడవుకు కాళ్ళవైపు వేలాడే భాగాన్ని, తలగడ కిందికి పోయే భాగాన్ని కలపాలి. అమెరికా పరుపుల వాడుక కొలతలకు, వేలాడే భాగం 12 అంగుళాలు, తలగడకు 10 అంగుళాలు చొప్పున లెక్కించగా:

| పరుపు | కొలత | బొంత కొలత |
|---|---|---|
| ట్విన్ | 38 × 75 | 62 × 97 |
| ఫుల్ | 54 × 75 | 78 × 97 |
| క్వీన్ | 60 × 80 | 84 × 102 |
| కింగ్ | 76 × 80 | 100 × 102 |

మన దేశంలో 72 × 36, 78 × 60, 78 × 72 వంటి కొలతల పరుపులు దొరుకుతాయి. బొంత మంచాన్ని అలంకరించడానికి కాక కప్పుకోవడానికే అయితే వేలాడే భాగం తగ్గించుకోవచ్చు.

=== ఉదాహరణ ===

క్వీన్ పరుపుకు 84 × 102 బొంత కావాలి. చేతిలో రెండు చుట్టలు, అనగా 80 పట్టీలు ఉన్నవి అనుకుందాం.

# మొత్తం పొడవు = 39.5 × 80 + 2.5 = 3162.5 అంగుళాలు.
# బార్డరు లేకుండా 102.5 అంగుళాల ఎత్తుకు 51 వరుసలు కావాలి. 51 × 84 = 4284 అంగుళాలు. పట్టీలు చాలవు, ఇందుకు 109 పట్టీలు ఉండాలి.
# పై కిందలకు 6 అంగుళాల బార్డరు వేయదలిస్తే లోపలి ఎత్తు 90.5 అంగుళాలు చాలు. అనగా 45 వరుసలు.
# ఒక్కొక్క వరుస పొడవు 70 అంగుళాలు తీసుకుంటే 45 × 70 = 3150 అంగుళాలు. 12.5 అంగుళాలు మిగులుతుంది.
# పక్కలకు 7 అంగుళాల బార్డరు వేస్తే వెడల్పు 70 + 14 = 84 అంగుళాలు. ఎత్తు 90.5 + 12 = 102.5 అంగుళాలు.

పక్క బార్డర్లకు 7.5 అంగుళాల కోత వెడల్పుతో 5 పట్టీలు, పై కిందలకు 6.5 అంగుళాల కోత వెడల్పుతో 5 పట్టీలు, తిన్నని అతుకులతో కలిపితే సరిపోతాయి. ఇందుకు 42 అంగుళాల పన్నా గల బట్ట 70 అంగుళాలు, అనగా సుమారు 1.8 మీటర్లు కావాలి. మిగులు తక్కువ కనుక రెండు మీటర్లు తీసుకోవడం క్షేమం.

== కొలత తప్పడానికి కారణాలు ==

'''కుట్టు మార్జిన్ తేడా:''' ఒక కుట్టులో చిన్న తేడా కంటికి కనిపించదు. 32 వరుసలకు 31 కుట్లు ఉంటాయి. కుట్టు పావు అంగుళం కన్నా అంగుళంలో పదహారవ వంతు లోపలికి పడితే, రెండు వైపుల బట్టలోను అంతే తగ్గి కుట్టుకు ఎనిమిదవ వంతు పోతుంది. 31 కుట్లకు అది దాదాపు 4 అంగుళాలు. ముందుగా మూడు పట్టీ ముక్కలను కలిపి, ఇస్త్రీ చేసి, మొత్తం వెడల్పు ఆరున్నర అంగుళాలు వచ్చిందా అని చూసుకొని తరువాత అసలు పని మొదలుపెట్టాలి.

'''పట్టీ అంచు:''' దుకాణంలో కొన్న చుట్టలలో కొన్నిటికి అంచులు రంపపు పళ్ళలా కోసి ఉంటాయి. రెండున్నర అంగుళాల కొలత పళ్ళ కొసలతో కలిపి వచ్చిందా, పళ్ళ మధ్య లోతునుండి వచ్చిందా అన్నది కొలిచి చూడాలి.

'''వంపు:''' పొడవాటి పట్టీలన్నిటిని ఒకే దిశలో కుట్టుకుంటూ పోతే కూర్పు విల్లులా వంగుతుంది. ఒక కుట్టును ఒక కొసనుండి, తరువాతి కుట్టును రెండవ కొసనుండి మొదలుపెడితే వంపు తగ్గుతుంది. ఇస్త్రీ పెట్టెను జరుపుతూ రుద్దకుండా ఎత్తి పెడుతూ అదమాలి. రుద్దితే బట్ట సాగుతుంది.

'''అలలు పడిన బార్డరు:''' పైపొర అంచులు చేతిలో ఆడడం వలన సాగి, మధ్యభాగం కన్నా పొడవుగా ఉంటాయి. అంచు వెంబడి కొలిచి బార్డరు కోస్తే ఆ సాగుడు స్థిరపడి బొంత నేలమీద సమంగా పరుచుకోదు. పైపొర మధ్యలోను, రెండు చోట్ల పక్కనా కొలిచి, సగటు పొడవున బార్డరు కోసి, అంచును దానికి సర్ది గుండుసూదులు పెట్టి కుట్టాలి.

'''కుంచించుకుపోవడం:''' నూలు దూదిపొర ఉతికిన తరువాత సాధారణంగా 3 నుండి 5 శాతం వరకు కుంచించుకుపోతుంది. పై ఉదాహరణలోని 84 అంగుళాల వెడల్పు 4 శాతం తగ్గితే 80.6 అంగుళాలు అవుతుంది. అప్పుడు పక్కలకు వేలాడే భాగం 12 అంగుళాలకు బదులు 10.3 అంగుళాలే ఉంటుంది. ఈ తగ్గుదలను ముందే కలుపుకొని లెక్క వేయాలి. అడుగుపొరను, దూదిపొరను పైపొర కన్నా ప్రతి పక్కా 3, 4 అంగుళాలు పెద్దవిగా తీసుకోవడం ఆచారం.

== తెలుగు బొంతలతో పోలిక ==

తెలుగునాట బొంత అనగా పాత చీరలు, పంచెలు పొరలుగా పరచి చేతితో కుట్టినది. "అతుకుల బొంత" అనే మాట పొందిక లేని పనికి జాతీయంగా వాడుకలో ఉన్నది. పట్టీల క్విల్ట్‌లో దూదిపొర వెచ్చదనం ఇస్తే, మన బొంతలో చీర మడతలే ఆ పని చేస్తాయి. అయితే కొలతల సూత్రం రెండింటికీ ఒకటే. ఐదున్నర మీటర్ల చీర పొడవు సుమారు 216 అంగుళాలు. దానిని మూడు మడతలు వేస్తే 72 అంగుళాల పొడవున మూడు పొరలు, నాలుగు మడతలు వేస్తే 54 అంగుళాల పొడవున నాలుగు పొరలు వస్తాయి. మొదటిది పెద్దలకు సరిపోయే పలుచని బొంత, రెండవది పిల్లలకు సరిపోయే మందమైన బొంత. బట్ట అంతే ఉన్నప్పుడు ఒక కొలత పెరగాలంటే మరొకటి తగ్గవలసిందే.

== ఇవి కూడా చూడండి ==

* బొంత
* కుట్టు మిషను
* నూలు
* దర్జీ
* వైశాల్యం